మజీద్ మియా ముడి

గౌసియా చేసిన తప్పు ఒక్కటే. ఎనిమిదేళ్ల కిందట ఒక అబద్ధం చెప్పింది, అదీ చాలా బాగా చెప్పింది. కాస్త పేలవంగా చెప్పి ఉంటే పది రోజుల్లో అందరూ మరిచిపోయేవాళ్లు.

1936 నాటికి ఏలూరు తంగెళ్లమూడిలో కాలువ గట్టున ఉన్న ఆ తివాచీల కొట్టం పేరెత్తితే పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించేవారు. దీపాలు పెట్టాక ఆ గట్టు మీద ఎవరూ నడిచేవారు కారు. ఎంత పొద్దుపోయినా చుట్టూ తిరిగే వెళ్లేవారు. కొల్లేటి నుంచి చేపల బుట్టలతో వచ్చే పడవవాళ్లు అక్కడికి రాగానే పాట ఆపేసి, గడ చప్పుడు కాకుండా వేసేవారు. ఎందుకంటే — రాత్రిపూట ఆ కొట్టంలో ఎవరో రంగులు చెబుతారు.

"ఎరుపు మూడు... నలుపు ఒకటి... నీలం రెండు..."

తివాచీ నేసే చోట రంగులు చెప్పడం వింతేమీ కాదు. ఒకరు నమూనా గీసిన నక్షా కాగితం చూసి రంగూ లెక్కా చెబుతుంటే, మగ్గం ముందు వరసగా కూర్చున్న ఆడవాళ్లు ఆ మాటే తిరిగి పలికి, ఆ రంగు ఉన్నితో ముడి వేస్తారు. తిరిగి పలికితేనే విన్నట్టు లెక్క. పగలంతా ఆ కొట్టంలో జరిగేది అదే. రాత్రి జరగకూడదు, అంతే.

ఆ దెయ్యం ఎలా పుట్టిందో ఊరందరిలోకీ గౌసియా ఒక్కదానికే తెలుసు. పుట్టించింది తనే.

భర్త పోయాక నాలుగు మగ్గాల కొట్టం ఆమె చేతికొచ్చింది. కొట్టం వెనక నీలిమందు తొట్టి ఉండేది, మనిషి నడుం లోతు. నేత ఆడవాళ్ల పిల్లలు పొద్దుగూకాక ఆ తొట్టి చుట్టూ దాగుడుమూతలు ఆడేవారు. ఒక సాయంత్రం నాలుగేళ్ల పిల్ల అంచు జారి, తొట్టి గోడ పట్టుకుని వేలాడుతూ కనిపించింది. గౌసియా జుట్టు పట్టుకుని పైకి లాగింది. అందరినీ కొట్టింది, తిట్టింది. మర్నాడు మళ్లీ అక్కడే ఆడుతున్నారు.

అప్పుడు, రొట్టెల పిండి పిసుకుతూ, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పింది.

"మీ ముత్తాతల కాలంలో ఈ కొట్టంలో మజీద్ మియా అని ఒకాయన రంగులు చెప్పేవాడర్రా. చెబుతూ తనూ నేసేవాడు. ఎడమచేతి వాటం. ఆయన వేసిన ముడి అందరి ముళ్లలా కాకుండా అటువైపు తిరిగి ఉండేది. ముక్కు కింద సంచి ఉండే కొల్లేటి గూడబాతుని తివాచీలో దింపాలని ఆయనకి మహా కోరిక. ఎప్పుడూ వేరేవాళ్లు చెప్పిన పువ్వులే నేసేవాడు గానీ, ఆ బాతుని నెయ్యడానికి తీరిక దొరకలేదు. చివరికి మొదలుపెట్టాడు. కంటి దగ్గర ఒక్క ముడి మిగిలింది. ఆ ఒక్క ముడికి నీలం ఉన్ని తెస్తానని వెళ్లి... ఇదిగో, ఈ తొట్టిలో పడ్డాడు. ఇప్పటికీ రాత్రిపూట వచ్చి రంగులు చెబుతాడు. ఎవరు బదులు పలికితే వాళ్లు తెల్లారేదాకా మగ్గం ముందు నుంచి లేవలేరు."

పిల్లలు ఆ రోజు నుంచి తొట్టి వైపు పోలేదు. గౌసియా చేతులు కడుక్కుని ఆ సంగతి మరిచిపోయింది.

ఊరు మరిచిపోలేదు.

ఏడాది తిరిగేసరికి మజీద్ మియాని కళ్లారా చూశామన్నవాళ్లు ముగ్గురు తయారయ్యారు. ఒకావిడ నిఖాకి వచ్చి పలావులో ఉప్పు తగ్గిందన్నాడట. రెండేళ్లయ్యేసరికి ఆయనకి ఎడమ కాలు కుంటి అయింది. ఆ కుంటికాలు గౌసియా పెట్టింది కాదు. మూడో ఏట నేత ఆడవాళ్లు ఒక అలవాటు చేసుకున్నారు. రోజూ పని దిగే ముందు కుడివైపు అంచులో ఒక్క ముడి వెయ్యకుండా వదిలేసేవారు. అది మజీద్ మియా వాటా. ఆయన ముడి ఆయనకి వదిలేస్తే మన జోలికి రాడని.

గౌసియాకి ఒళ్లు మండేది. తివాచీలో ఒక్క ముడి లేకపోయినా వేలు ఆనిస్తే తెలుస్తుంది, కొనేవాడు తిరగ్గొడతాడు. ఆడవాళ్లు ఇళ్లకి వెళ్లాక ఆమె రోజూ సూది పట్టుకుని ఆ ఖాళీ ముడి పూడ్చేది. పూడుస్తూ మజీద్ మియాని తిట్టేది. తను కల్పించిన మనిషిని తనే తిట్టుకుంటున్నందుకు ఇంకా చిరాకేసేది.

1936లో ఎండలు తగ్గే వేళకి ఎగుమతి కంపెనీ ఏజెంటు గంగాధరరావు వచ్చాడు. పద్ధెనిమిది అడుగుల తివాచీ, లండన్‌లో ఎగ్జిబిషన్‌కి. గళ్ల కాగితం మీద నక్షా అక్కడి నుంచే వచ్చింది. గడికో అంకె, అంకెకో రంగు.

"ఏవండీ గౌసియాగారూ, ముందే చెబుతున్నాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రావాలండీ. ఒక్క ముడి ఇటూ అటూ అయినా వాళ్లు తీసుకోరు. దీపావళి వెళ్లిన పదో రోజుకి కాకినాడలో స్టీమరు. అందకపోతే మా కంపెనీ ఇంక ఇటువైపు చూడదండీ. మిల్లు తివాచీలే చాలంటున్నారు మావాళ్లు."

అంటే కొట్టం మూతే. పన్నెండు మంది ఆడవాళ్లు మళ్లీ వరి కోతలకో, పరాయి ఇళ్లలో అంట్లకో పోవలసిందే. గౌసియా ఒప్పుకుంది.

పని నడవలేదు. చేతులు అవే, ఉన్ని అదే. కానీ వరస వరసకీ తప్పులు. విప్పడం, మళ్లీ వెయ్యడం. నేతగత్తెల్లో నోరున్నది అమీనా. గౌసియాని అందరిలాగే ఆపా, అంటే అక్క, అనేది.

"ఏం చెయ్యమంటారు ఆపా, ఎరుపు మూడు, నలుపు ఒకటి అంటారు. దేనికి మూడో తెలీదు. అత్తారింట్లో కూర వండినట్టుంది. ఇది వెయ్యి, అది వెయ్యి అంటారే గానీ ఏం కూరో చెప్పరు."

"నీకెందుకు ఏం కూరో? వెయ్యమన్నది వెయ్యి."

"వేస్తున్నాం కదా. మాడుతోంది."

దసరా నాటికి మూడో వంతు మిగిలిపోయింది. రాత్రిళ్లు కూడా కూర్చుంటే తప్ప అవదు. గౌసియా రెండు పెట్రోమాక్సు లైట్లు అరువు తెచ్చి చూరుకి వేలాడదీసింది. పొద్దు వాలింది. పన్నెండు మందీ లేచి, పైటలు దులుపుకుని, వరసగా గుమ్మం దాటారు.

"ఎక్కడికి?"

"ఇళ్లకి ఆపా. ఇది ఆయన వేళ."

అప్పుడు గౌసియా నిజం చెప్పేసింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, దాచకుండా, మొదటి నుంచి చివరిదాకా. తొట్టిలో వేలాడిన పిల్ల, రొట్టెల పిండి, మజీద్ అన్న పేరు నోటికి తోచింది అనడం, అన్నీ. "అలాంటి మనిషి పుట్టనే లేదు. పుట్టనివాడు చావడు. చావనివాడు దెయ్యం ఎలా అవుతాడే?"

అమీనా దగ్గరికొచ్చి, గౌసియా చెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పినట్టుగా అంది.

"పాపం ఆపా... మీ చేత కూడా ఆయనే చెప్పించాడన్నమాట."

"నేనే కల్పించానంటుంటే!"

"మీకలా అనిపిస్తుంది. ఎడమచేతి వాటం అని మీకెలా తెలిసింది మరి?"

గౌసియాకి గోడకి తల బాదుకోవాలనిపించింది. అబద్ధం నమ్మినవాళ్లే నిజం చెబితే జాలి పడుతున్నారు. లైట్లు ఆర్పి, ఖాళీ ముడి పూడ్చి, ఇంటికి పోయింది.

మూడు రోజుల తరవాత, తెల్లవారుజామున పెరటి గుమ్మంలో పైడిరాజు నిలబడి ఉన్నాడు. కొల్లేటికోట మనిషి. వారానికి రెండుసార్లు పడవ మీద చేపలు తెస్తాడు, ఆమెకి రెండు కొర్రమీనులు ఇచ్చి పోతాడు. ఆ రోజు బుట్ట దించలేదు.

"అమ్మగారూ, నేనింక ఈ కాలవలో రానండి. తెల్లారాకే వస్తానండి."

"నువ్వు కూడానా?"

"నేను తాగలేదండి. మీ కొట్టం పక్కకి వచ్చేసరికి... ఎరుపు మూడు అన్నారండి లోపల. ఆగారండి. నీలం రెండు అన్నారండి. ఆగారండి. ఎవరో చెబుతుంటే ఎవరో అందుకుంటున్నట్టు ఉందండి, ఆయ్. చెప్పే గొంతు మాత్రం వినపడలేదండి. అందుకునేదే వినపడింది."

"నువ్వు బదులు పలికావా?"

"అమ్మో! నోట్లో తువ్వాలు కుక్కుకున్నానండి."

గౌసియా ఆ చేపలు కూడా తీసుకోకుండా కొట్టానికి వెళ్లింది. తలుపు వేసినట్టే ఉంది. మగ్గం దగ్గరికి వెళ్లి, నిన్నటి వరస మీద వేలు పెట్టి, అలాగే ఆగిపోయింది.

రాత్రి తను వదిలి వెళ్లిన చోటికి పైన నాలుగు వరసలు ఉన్నాయి.

కాగితం తీసింది. గడి గడికీ చూసింది. ఒక్కటి తప్పు లేదు.

ఆడవాళ్లు వచ్చారు. చూశారు. జడుసుకుని పారిపోతారనుకుంది. అమీనా మగ్గానికి సలాం చేసి కూర్చుంది. "ఆయన నాలుగేశాడే. మనం పన్నెండు మందిమి ఉండి ఎన్నేస్తాం?" అంది పక్కదానితో. ఆ రోజు చేతులు పరిగెత్తాయి.

రెండో రాత్రి మరో నాలుగు వరసలు. అవీ సరిగ్గానే ఉన్నాయి.

మూడో పొద్దున... నక్షాలో గులాబీ రేక ఉండవలసిన చోట తెల్ల ఉన్నితో వంకర తిరిగిన పొడవాటి ముక్కు ఒకటి మొదలైంది. ముక్కు కింద సంచి.

గూడబాతు.

అమీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆయన బాతు..." ఆ రోజు పన్నెండు మందిలో ఒక్కరూ దాని పైన ముడి వెయ్యలేదు.

గౌసియాకి భయం వెయ్యలేదు. కోపం తన్నుకొచ్చింది. గంగాధరరావు గడికో కన్ను పెట్టి చూసే మనిషి. పువ్వుల మధ్య బాతుని చూస్తే ఏమంటాడో చెప్పక్కర్లేదు. ఎవరో తన తివాచీని పాడుచేస్తున్నారు. తను కల్పించిన కథ పట్టుకుని తన నెత్తినే కొడుతున్నారు. వాళ్ల చెయ్యి పట్టుకోవాలి.

ఆ రాత్రి ఇల్లు తాళం వేసి, కాగితం కొంగులో దోపుకుని, లాంతరు మీద గోనెగుడ్డ కప్పి బయల్దేరింది.

గట్టు మీద మనిషి అలికిడి లేదు. కాలవ నీళ్లు మెట్లకి తగిలి వెనక్కి పోతున్నాయి. ఎక్కడో ఒక కప్ప అరిచి, తప్పు చేసినట్టు ఆగిపోయింది. కొట్టం ముందు తలుపు గొళ్లెం వేసే ఉంది. వెనక, తొట్టి వైపు తలుపు... చేతితో తాకితే లోపలికి పోయింది.

నీలిమందు పులిసిన వాసన. కటిక చీకటి. ఆ చీకట్లో, మగ్గం వైపు నుంచి —

"తెలుపు నాలుగు."

గౌసియా కాలు గుమ్మం మీదే ఆగిపోయింది.

ఏ చప్పుడూ లేదు. ఎవరో ఎవరి మాటో వింటున్నంత సేపు... నిశ్శబ్దం. తరవాత మళ్లీ.

"నలుపు ఒకటి."

ఇనప దువ్వెన దడదడమని ముళ్లని కిందికి కొట్టింది. పడుగు దారాలు వణికాయి. ఆ వణుకు గచ్చు మీద నిలబడ్డ ఆమె అరికాళ్లకి తెలిసింది. 'నేనే కల్పించాను' అని మనసులో అనుకుంది. మళ్లీ అనుకుంది. మూడోసారి అనుకోబోయి, గోనెగుడ్డ అంచు ఎత్తింది.

మగ్గం పలక మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఖదీజా.

అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఖదీజా ఆ కొట్టంలో నలభై ఏళ్లు నేసింది. రెండు కళ్లలోనూ పొరలు కమ్మితే పోయిన ఏడాది గౌసియాయే పంపేసింది. 'ఇంక ఇంట్లో కూర్చో ఖాలా' అని. మారు మాట్లాడకుండా వెళ్లింది. ఆ తరవాత రోజూ పగటిపూట కొట్టం బయట, గట్టు మీద కూర్చునేది. లోపల చెప్పే రంగులు వింటూ పెదాలు కదిపేది. ముసలివాళ్లు ఏదో గొణుక్కుంటారులే అనుకున్నారు అందరూ.

వరసలు ఎలా సరిపోయాయో గౌసియాకి తెలిసిపోయింది. పగలు విన్న మొదటి సగం ఖాలాకి జ్ఞాపకమే, రెండో సగం దాన్ని తిరగేసినదే. వినకుండా పోయిన వరస వచ్చేసరికి, తన మనసులో ఉన్న ఒకే ఒక్క నక్షా ఎత్తుకుంది. గౌసియా రొట్టెల పిండి పిసుకుతూ చెప్పిన నక్షా.

సరే, దెయ్యం లేదు. గుండె కుదుటపడింది. కుదుటపడగానే కోపం తిరిగొచ్చింది. 'ఖాలా, ఏం చేస్తున్నావు నువ్వు?' అని అరవబోయింది. రేపు పన్నెండు మందినీ పిలిచి చూపించాలి. ఇదిగో మీ మజీద్ మియా, అని. అప్పుడు రాత్రిళ్లు కూర్చోక చస్తారా?

అరవలేదు. ముసలామె చేతిని చూస్తూ ఉండిపోయింది. ఆ వేళ్లు ఉన్ని ఉండల మీద ఒకదాని నుంచి ఒకదానికి పాకుతున్నాయి. చీకట్లో తడిమి, ఒకటి వదిలేసి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని...

లాంతరు పిడి చిన్నగా కిర్రుమంది.

ఖదీజా తల ఎత్తలేదు.

"వచ్చారా మియా? ఇవాళ ఆలస్యమైందే. అందాకా మీ బాతు నేస్తున్నాను."

గౌసియా లాంతరు కిందికి దించింది.

"కళ్లు లేవని పంపేసింది గౌసియా. ఉన్నికి కళ్లెందుకు మియా? నలుపు పెళుసు. కరక్కాయ, ఇనుము కలిపి కాస్తారు కదా, వేలికి గరగరలాడుతుంది. నీలానికి వాసన ఉంది. ఎరుపు మెత్తన. తెలుపుకి ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే అది తెలుపు. ఆ మాట ఆ పిల్లకి చెబితే వింటుందా? ఏడాదిపాటు గోడకి ఆనుకుని కూర్చున్నాను. చచ్చినదానికీ నాకూ తేడా లేదు. మీరు పిలిచారు కాబట్టి లేచాను." దువ్వెన మీద చెయ్యి వేసుకుని, వినడానికి మెడ వంచింది. "చెప్పండి. తరవాతేమిటి?"

ఇప్పుడు నిజం చెబితే పన్నెండు మంది రాత్రిళ్లు పనిచేస్తారు. ఈమె మాత్రం మళ్లీ గోడ దగ్గరికి పోతుంది. కానీ గౌసియా నోరు మూయించింది జాలి కాదు. జాలి అన్న మాట ఆమె ఎప్పుడూ ఒప్పుకోలేదు. రోజుకి నాలుగు వరసలు, తప్పు లేకుండా... అవి ఆమెకి కావాలి. పైగా మజీద్ మియాతో పోటీపడి పగటివాళ్లు ఆరు వరసలు ఎక్కువ వేస్తున్నారు.

మగ్గం వెనక్కి వెళ్లి కూర్చుంది. లాంతరు వత్తి తగ్గించి, కాగితం ఒళ్లో పరిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు బొంగురు చేసి —

"బాతు తరవాత," అంది. "ఈ తివాచీ అయ్యాక. ముందు దాన్ని విప్పు."

ఖదీజా దువ్వెన పక్కన పెట్టింది. "ఇన్నేళ్లూ ఆగారు, ఇంకో నెల ఆగలేరా. సరే." విప్పసాగింది. "గొంతు బాలేదేం మియా? తొట్టిలో నీళ్లు చల్లగా ఉన్నాయా?"

"చెప్పింది చెయ్యి. ఎరుపు మూడు."

బదులు రాలేదు.

"ఎరుపు మూడు అన్నానా?"

"విన్నాను. ఏం మూడు అది?"

"కాగితంలో మూడని ఉంది!"

"కాగితం గౌసియా చదువుతుంది. మీరు చదవరుగా. ఏమిటవి? మొగ్గా, ముక్కుపుడకా, గాయమా? తెలియకపోతే చెయ్యి కదలదు మియా."

గౌసియా చీకట్లో పళ్లు నూరింది. కాగితం మీద అంకెలు తప్ప ఏమీ లేవు. స్టీమరు కాకినాడలో ఎవరి కోసమూ ఆగదు. ఈవిడేమో అర్ధరాత్రి తనని కథ చెప్పమంటోంది.

"...దానిమ్మ," అంది చివరికి. "దానిమ్మ పండు విచ్చుకుంటోంది. లోపల మూడు గింజలు కనిపిస్తున్నాయి."

"ఎవరింటి చెట్టుది?"

"అబ్బా! నీ అత్తగారింటిది."

"అయితే పుల్లదే," అంది ఖదీజా, నవ్వుతూ. "ఎరుపు మూడు." చెయ్యి కదిలింది.

అలా రోజూ రాత్రి. ఒక్కో గడికీ ఏదో ఒకటి చెప్పవలసి వచ్చేది. నలుపు గీత, చెల్లెలితో పోట్లాడి ఇల్లు వదిలి వెళ్లినవాడి దారి అయింది. నీలం చుక్కలు, కైకలూరు వైపు వానలో చిక్కుకున్న పడవలయ్యాయి. గౌసియాకి నిద్ర చాలక తల పగిలిపోయేది. పగలు అదే గడి చెప్పేటప్పుడు నోరు జారి "పడవ రెండు" అనేసింది ఒకసారి. ఆడవాళ్లు తలలెత్తి చూశారు. "ఏం పడవ ఆపా?" చెప్పక తప్పలేదు. ఆ వరసలో తప్పు రాలేదు. తరవాత వరసలోనూ రాలేదు. అది చూసి ఆమెకి సంతోషం కలగలేదు. ఇన్నాళ్లూ విప్పించిన వరసలన్నీ గుర్తొచ్చి మండిపోయింది.

ఇంక పది రోజుల పని ఉందనగా గౌసియాకి చలిజ్వరం తగిలింది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. ఆ సాయంత్రం ఖాళీ ముడి పూడ్చడానికి సూది పట్టుకోలేకపోయింది. కాగితం పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇంటికెళ్లి పడిపోయింది. ఆ రాత్రి కొట్టంలో రంగులు చెప్పేవాళ్లు లేరు.

పొద్దున్నే గోడలు పట్టుకుంటూ వెళ్లింది.

ఆరు వరసలు ఉన్నాయి.

గట్టు మీద ఖదీజా ఎండలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, పిలిచి మరీ చెప్పింది. "రాత్రి నాకు మంచి కల వచ్చిందే గౌసియా. మజీద్ మియా గొంతు బాగుపడింది. ఎంత తేటగా చెప్పాడో."

గౌసియా లోపలికి వెళ్లింది. కాగితం తెచ్చి చూసింది. అన్ని గడులూ సరిపోయాయి. అందులో వింతేముంది అని తనకి తానే చెప్పుకుంది. తివాచీ రెండో సగం మొదటి సగాన్ని తిరగేసినట్టే ఉంటుంది. నలభై ఏళ్ల చెయ్యి. కాగితం లేకపోయినా పోతుంది. గొంతు సంగతి, ఖాలా చెవుల్లో గొంతులకి కొదవా?

అంతా సరిపోయింది. ఊపిరి తీసుకుని, నిన్న వదిలేసిన ఖాళీ ముడి గుర్తొచ్చి, సూదిలో దారం ఎక్కించింది. కుడి అంచున వేలు పెట్టి వెతికింది.

ఖాళీ లేదు.

ముడి ఉంది. నీలం ముడి. వంగి, దగ్గరగా చూసింది. అంచులో ముళ్లన్నింటి ఉన్ని ఎడమకి వాలి ఉంది. ఇది ఒక్కటే... కుడికి వాలి ఉంది. వేలితో ఇటు తోసింది. వదలగానే అటే పోయింది. ఎడమచేత్తో వేస్తే తప్ప ముడి అలా తిరగదు.

ఖదీజాది కుడిచెయ్యి. పన్నెండు మందిదీ కుడిచెయ్యే. గౌసియాదీ అంతే.

సూది పెట్టి కత్తెర అందుకుంది. ఒక్క కోత, ఒక్క నిమిషం పని. కత్తెర మగ్గం మీద పెట్టేసింది.

చెప్పిన రోజుకి గంగాధరరావు వచ్చాడు. తివాచీ నేల మీద పరిపించి, మోకాళ్ల మీద పాకుతూ చూశాడు. ముప్పావు గంట. కుడి అంచు దగ్గర వేలు ఆగింది.

"ఏవండీ, ఇదొక్కటి అటు తిరిగిందేమిటండీ?"

"తిరిగిందండీ," అంది గౌసియా.

"తీసి వేయించకపోయారా?"

"అది తియ్యనండీ. కావాలంటే తివాచీ వదిలెయ్యండి."

గంగాధరరావు ఆమె మొహం చూశాడు. కొట్టం చూశాడు. ఈ కొట్టం సంగతి అతనూ విన్నాడు. వేలు మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. తివాచీ కాకినాడ వెళ్లింది, స్టీమరు ఎక్కింది. మళ్లీ ఆర్డరు వచ్చింది.

ఖాళీ అయిన మగ్గానికి ఆ మర్నాడే గౌసియా పడుగు ఎక్కించింది, ఖాలా బాతు కోసం. "ఎవరి కోసం ఆపా ఇది?" అని అమీనా అడిగితే, "అడిగినవాడి కోసం," అంది, కసురుకున్నట్టు.

ఇదంతా గౌసియా ముసలితనంలో రత్నకుమారి అనే స్కూలు టీచరమ్మకి చెప్పింది. ఆ టీచరమ్మ చెప్పగా విన్నమాట ఇది. "మరి ఆ ముడి ఎవరు వేసినట్టండీ?" అని టీచరమ్మ అడిగిందట.

"నాకేం తెలుసు?" అందట గౌసియా, విసుగ్గా. "నేను కల్పించినంతవరకే నాకు తెలుసు."

తెలుసుకోవాలనుకుంటే దారి లేకపోలేదు. ఒక రాత్రి కాపు కాస్తే సరిపోయేది. ఆమె కాయలేదు. గంగాధరరావు బండి గట్టు దాటిన సాయంత్రమే సూదిని కాలవలో పారేసింది. ఆ తరవాత కొట్టం ఇరవై రెండేళ్లు నడిచింది, అంచు చూసి ఒక్క తివాచీ తిరిగి రాలేదు. రోజూ దీపాల వేళకి ప్రతి మగ్గం మీదా కుడి అంచున ఒక ముడి తన చేత్తోనే వదిలేసి, వెనక తలుపు గొళ్లెం తీసి ఉంచి, ఇంటికి వెళ్లిపోయేది. పొద్దున వచ్చాక ఆ అంచు మీద ఒక్కసారి కూడా వేలు పెట్టి చూడలేదు.